పండుగ కానుకలకు కొయ్యబొమ్మలు

క్రిస్మసు నాడు ఆదివారపు బడి పిల్లలకు అంగడిలో కొన్న ప్లాస్టిక్ బొమ్మల నిచ్చుట వాడుకయైనది. అవి సంక్రాంతి వచ్చులోపుగానే విఱిగి చెత్తకుప్పలో చేరును. వానికి బదులు మన పాఠశాలలోని పెద్దపిల్లలే చిన్నవారికి కొయ్యబొమ్మలను చేసి యియ్యవచ్చునని మా యభిప్రాయము.

మొదట ఒక ఆక్షేపణకు సమాధానము చెప్పవలసి యున్నది. చదువుకొను పిల్లవానికి వడ్రంగి పని యేల యని కొందఱు తల్లిదండ్రు లడుగుదురు. నజరేతువారును ఇట్లే తలంచిరి. ప్రభువును వడ్లవాడని వారు తేలికగా పలుకుట మార్కు సువార్త 6వ అధ్యాయమున చూడవచ్చును. చేతిపనిని చదువులో చేర్చినవారు సామాన్యులు కారు. జర్మనీలో 1837లో శిశువిద్యాలయమును స్థాపించిన ఫ్రోబెల్ కొయ్యగోళమును, ఘనమును పసివారి చేతికిచ్చి పాఠము చెప్పించెను. స్వీడనులో ఆటో సాలమన్ (1849–1907), బాలుడు పనికివచ్చు వస్తువు నొకదానిని మొదటినుండి తుదివఱకు తానే చేయవలెననియు, సులభమైన దానినుండి కఠినమైన దానికి పోవలెననియు బోధించెను. మేమును ఈ పద్ధతినే యనుసరించుచున్నాము.

కొయ్య నెన్నుకొనుట మన పనివారివద్ద నేర్వవలెను. కొండపల్లివారు తేలికయైన తెల్లపొణికి కొయ్యతో అవయవములను వేఱువేఱుగా చెక్కి, చింతగింజల పిండిలో ఱంపపుపొట్టు కలిపిన మక్కుతో నతికింతురు. ఏటికొప్పాకవారు అంకుడు కఱ్ఱను తరిణెపై త్రిప్పుచు లక్కను అదిమిపట్టుదురు. రాపిడి వేడికి లక్క కరగి కొయ్యను పట్టుకొనును. పిమ్మట మొగలియాకుతో మెఱుగు పెట్టుదురు. మన బైరెడ్డిపల్లెకు కన్నడ సరిహద్దు దగ్గఱయే గదా. ఆవల మైసూరు దారిలోనున్న చన్నపట్టణమువారు వాడునదియు ఈ కఱ్ఱయే, వారిదియు లక్కపనియే. తరిణె లేని మనకు అది సాధ్యము కాదు. ఊరి వడ్రంగియొద్ద మిగిలిన ముక్కలు చాలును. పచ్చికొయ్య మాత్రము తగదు, ఆఱినకొలది పగులును.

మొదటి పాఠమునకు నాలుగు చక్రముల బండి మేలు. అయిదంగుళముల పొడవు, మూడంగుళముల వెడల్పు గల పలకను తీసి, అంచులను గరుకు కాగితముతో నునుపు చేయవలెను. రెండంగుళముల లావు గల యెండుకొమ్మను అరయంగుళపు బిళ్లలుగా కోసిన చక్రములగును. నాలుగు కావలసినచోట ఆఱు కోయుడు. ఒకటి రెండు తప్పక పగులును. పలక యడుగున అడ్డముగా రెండు గాళ్లు తీసి, వెదురుపుల్ల నిరుసుగా నుంచి, మీద సన్నని చెక్కపట్టీ నతికింపవలెను. చక్రపు రంధ్రము బిగువుగాను, గాడి వదులుగాను ఉండవలెను. పిల్లలు దీనిని తాఱుమాఱు చేయుదురు, చక్రము లూడిపడును. అప్పుడు ఉపాధ్యాయుడు నోరు మెదపక వారే కారణము కనుగొను వఱకు కాచుకొనవలెను.

మూడేండ్ల లోపు బిడ్డ ప్రతి వస్తువును నోట పెట్టుకొనును. ఒకటింపావు అంగుళము వెడల్పు గల గొట్టములో దూఱు ఏ ముక్కయైనను వాని గొంతున కడ్డుపడవచ్చును. కావున చక్రము రెండంగుళములకు తగ్గరాదు. ఇరుసు ఊడివచ్చునేమో ఉపాధ్యాయుడు తానే గట్టిగా లాగి చూడవలెను.

రంగు విషయమున ఇంకను జాగ్రత్త కావలెను. ఇంట మూల నున్న పాత రంగుడబ్బాను తెచ్చు పిల్లవాడు తరగతి కొకడుండును. దానిని తీసికొనకుడు. పాత రంగులలో సీసము విరివిగా నుండెడిది. సీసము పసిబిడ్డ మెదడును చెఱచును, ఆ నష్టము మరల తీఱునది కాదు. గృహాలంకరణ రంగులలో సీసము పదిలక్షలకు 90 పాళ్లకు మించరాదను నియమములు మన దేశమున 2016లో వెలువడి, 2017 నవంబరు నుండి అమలులోనికి వచ్చినవి. అంతకుముందటి డబ్బాలకు ఆ హద్దు లేదు.

రంగు లేకున్నను లోపము లేదు. కొయ్య చారలే చాలినంత యందము. తేనెమైనమును ఉపాధ్యాయుడు కరగించి యిచ్చిన, పిల్లలు గుడ్డతో రుద్దుదురు. వేరుసెనగ నూనె పూయరాదు. అది యాఱక జిగటయై కంపుకొట్టును. తుదకు బండికి కట్టు త్రాడు జానెడుకు మించకుండవలెను. పొడవైన త్రాడు పసివాని మెడకు చుట్టుకొనును.