మాటకు మారుమాట

బిలాస్‌పూరులోని సిర్గిట్టిలో ఒక తెలుగు కుటుంబమును ఊహింతము. తాతగారు రైల్వే కొలువునకై శ్రీకాకుళము ప్రాంతమునుండి వచ్చి యిచ్చట స్థిరపడిరి. వీధిలో హిందీ, ఛత్తీస్‌గఢీ వినవచ్చును. తెలుగు ఇంటిలోనే మిగిలినది. తండ్రి షిఫ్టు పనికి పోవును. వంటపనిలోనున్న తల్లి రెండేండ్ల బిడ్డ చేతికి సెల్‌ఫోను ఇచ్చి తెలుగు పాటల బొమ్మలు పెట్టును. "ఈ విధముగనైనను వీనికి మన భాష అబ్బును గదా!" యని ఆమె ఆశ. పలాసలోనున్న అమ్మమ్మ మాత్రము, "బొమ్మలు పాడిన చాలదమ్మా, నీవు పలుకవలె"నని వారించును. ఇరువురి కోరికయు ఒక్కటియే. మార్గమేది?

2003వ సంవత్సరమున అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయమునకు చెందిన పెట్రీషియా కూల్, ఆమె సహచరులు ఒక పరీక్షా ఫలితమును ప్రకటించిరి. ఆంగ్లము మాత్రమే వినుచు పెరుగుచున్న తొమ్మిది నెలల శిశువులతో చీనాభాషీయులు 12 పర్యాయములు కూర్చుండి, ఆడించి, పుస్తకములు చదివి వినిపించిరి. ఆ శిశువులు చీనాభాషా ధ్వనుల భేదమును గుర్తింపగల్గిరి. ఆ పాఠములనే తెరపై చూచిన శిశువులకు ఆ శక్తి అలవడలేదు.

కారణమేమి? బిడ్డ వేలు చూపినచో తల్లి అటు చూచి, "అది చెంబు" అనును. బిడ్డ వచ్చీరాని పలుకుతో అనును. తల్లి నవ్వి మరల పలుకును. తెర బిడ్డను చూడదు. అడిగినను అడుగకున్నను తన పాట తాను పాడుచునే యుండును.

అట్లని తెరయే దోషమనుట న్యాయము గాదు. 2014లో ప్రకటింపబడిన మరియొక పరీక్షలో రెండు, రెండున్నర యేండ్ల బిడ్డలు వీడియో కాల్‌లో తమతో ముచ్చటించిన వ్యక్తినుండి క్రొత్త క్రియాపదములను నేర్చిరి. ముందుగా చిత్రించియుంచిన వీడియోనుండి నేర్వలేకపోయిరి. తెర ఒక్కటియే, భేదము మారుమాటలో నున్నది. కావున పలాసనుండి అమ్మమ్మయే ఫోనులో బిడ్డను పలుకరించిన, అది మంచి తెలుగు పాఠమగును.

తల్లిని నిందించుటయు తగదు; ఆమెకును కొంత విరామము కావలెను. రెండేండ్లు నిండనివారికి తెర తగదనియు, రెండు మొదలు నాలుగేండ్లవారికి దినమునకు ఒక గంట మించరాదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించెను. ఆ గంటలో కొంతసేపైనను ప్రక్కన కూర్చుండి, "ఆ పిల్లి యెటు పోయెను?" అని యడిగి, జవాబునకై వేచియుండుడు. వంట చేయుచునే గరిటెను, ఉల్లిపాయను చూపి పేరు చెప్పుడు. బిడ్డ పలుకు అస్పష్టమైనను బదులు పలుకుడు. ఇంటి భాష ఒక తరమునుండి మరియొక తరమునకు ఈ చిన్న బదుళ్లతోనే సాగుచున్నది.