మాట్లాడే తాళంచెవికి మూత వేద్దాం

2017 నవంబరులో ఇంగ్లండులోని వెస్ట్ మిడ్లాండ్స్ పోలీసులు ఒక సీసీటీవీ వీడియో విడుదల చేశారు. బర్మింగ్‌హామ్ పక్కనున్న సోలిహల్‌లో ఒక ఇంటి ముందు మెర్సిడెస్ కారు ఆగి ఉంది. ఇద్దరు వచ్చారు. ఒకడు చేతిలో పెట్టె పట్టుకుని ఇంటి తలుపు దగ్గర అటూ ఇటూ తిప్పాడు. రెండోవాడు ఇంకో పెట్టెతో కారు పక్కన నిలబడ్డాడు. డోరు తెరుచుకుంది, ఇంజన్ స్టార్టయింది, కారు వెళ్లిపోయింది. అంతా కలిపి ఒక్క నిమిషం. అద్దం పగలలేదు. తాళంచెవి ఇంట్లోనే ఉంది.

జేబులోంచి తియ్యకుండానే డోరు తెరిచే స్మార్ట్ కీ, బటన్ నొక్కితే స్టార్టయ్యే ఇంజన్ ఇప్పుడు మన దగ్గర పది లక్షల లోపు కార్లలో కూడా వస్తున్నాయి. సౌకర్యం నిజమే. కానీ కారుకూ కీకీ మధ్య నడిచే సంభాషణ తెలియకపోతే దాన్ని కాపాడుకోవడం ఎలాగో తెలియదు. కాబట్టి ముందు ఆ సంగతి.

డోర్ హ్యాండిల్ ముట్టుకోగానే కారు సుమారు 125 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక పిలుపు పంపుతుంది. అది ఒకటి రెండు మీటర్లు దాటి పోదు. కీ అది విని 433 మెగాహెర్ట్జ్ దగ్గర జవాబిస్తుంది (అమెరికాలో 315). జవాబులో ప్రతిసారీ మారిపోయే రహస్య సంకేతం ఉంటుంది. కారు ఆ సంకేతం సరైనదేనా అని చూస్తుంది గానీ, ఎంత దూరం నుంచి వచ్చిందో కొలవదు. తన పిలుపు విన్నదంటే కీ పక్కనే ఉందని నమ్మేస్తుంది. దొంగల పెట్టెలు చేసేదల్లా ఆ పిలుపును ఇంట్లో ఉన్న కీ దాకా మోసుకెళ్లడమే. లోపలున్న యజమాని గొంతును స్పీకర్ ఫోన్లో గేటు దగ్గరి వాచ్‌మన్‌కు వినిపించినట్టు. సంకేతాన్ని ఛేదించాల్సిన పనే లేదు. 2011లోనే జ్యూరిచ్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 8 కంపెనీల 10 మోడళ్ల మీద ఈ పని చేసి చూపించారు. పదీ లొంగిపోయాయి.

అంటే మనం చేయాల్సిన మొదటి పని, ఇంట్లో ఉన్నంతసేపూ కీ నోరు మూయించడం.

ముందు మీ కీ ఏ రకమో చూసుకోండి. తాళంచెవిని దూర్చి తిప్పి స్టార్ట్ చేసే బండి అయితే, రిమోట్ బటన్ ఉన్నా సరే, పైన చెప్పిన పద్ధతి దాని మీద పనిచేయదు. కీ జేబులో ఉంచుకుని హ్యాండిల్ మీది బటన్ నొక్కితే డోరు తెరుచుకుంటోందంటే మాత్రం ఇది మీ కోసమే.

తర్వాత ఓనర్స్ మాన్యువల్ తీయండి. చాలామంది దాన్ని కొన్నరోజే గ్లవ్ బాక్సులో పెట్టి మరిచిపోతారు. కొన్ని కార్లలో స్మార్ట్ ఎంట్రీని మెనూలోంచి ఆపేయవచ్చు. టయోటా స్మార్ట్ కీలు చాలావాటిలో బ్యాటరీ పొదుపు పద్ధతి ఒకటుంది. లాక్ బటన్ నొక్కి పట్టుకుని అన్‌లాక్ బటన్ రెండుసార్లు నొక్కితే కీ మీది లైటు నాలుగుసార్లు వెలుగుతుంది. ఇక ఆ కీ కారు పిలుపును పట్టించుకోదు. పొద్దున ఏదో ఒక బటన్ నొక్కితే మళ్లీ మేలుకుంటుంది. పైసా ఖర్చు లేని రక్షణ ఇది. మరికొన్ని కంపెనీల కొత్త కీలలో కదలికను గుర్తించే సెన్సార్ ఉంటుంది. కొంతసేపు కదలకుండా ఉంటే కీ దానంతట అదే నిద్రపోతుంది. మీది అలాంటిదో కాదో షోరూములో అడగండి.

ఇవేవీ లేకపోతే డబ్బా తయారు చేసుకోవాలి. ఇక్కడే చాలామంది తొందరపడతారు.

మూత బిగుతుగా పట్టే ఇనుప రేకు డబ్బా ఒకటి తీసుకోండి, బిస్కెట్లవో టీ పొడిదో. ఇనుమే ఎందుకంటే, కారు పంపే పిలుపు నిజానికి అయస్కాంత క్షేత్రం. 125 కిలోహెర్ట్జ్ దగ్గర అది అల్యూమినియంలోకి దాదాపు పావు మిల్లీమీటరు లోతు చొరబడుతుంది. వంటింట్లో వాడే ఫాయిల్ మందం అందులో పదో వంతు కూడా ఉండదు. కాబట్టి ఒక పొర ఫాయిల్ చుట్టినంత మాత్రాన పిలుపు ఆగిపోతుందని అనుకోవద్దు. ఫాయిల్ గట్టిగా ఆపగలిగేది కీ ఇచ్చే జవాబును. ఇనుప రేకైతే రెండింటినీ అణచగలదు. డబ్బా అంచుకూ మూతకూ రంగు వేసి ఉంటే ఆ రెండూ తగిలేచోట గరుకు కాగితంతో గీకి, లోహం లోహానికి ఆనేలా చేయండి. జవాబు తప్పించుకుపోయేది ఆ సందులోంచే. లోపల గుడ్డ పరచండి, కీ రేకుకు తగలకుండా ఉంటుంది.

ఇప్పుడు పరీక్ష. కారు లాక్ చేసి, కీని డబ్బాలో పెట్టి మూత వేయండి. డబ్బాను దూరంగా కాదు, డ్రైవర్ డోర్ హ్యాండిల్‌కు ఆనించి పట్టుకుని బటన్ నొక్కండి. కారు పిలుపు అత్యంత బలంగా ఉండేది అక్కడే కాబట్టి అసలు పరీక్ష అక్కడే జరగాలి. తెరుచుకుందా, డబ్బా పనికిరాదు. తెరుచుకోకపోతే ప్యాసెంజర్ డోర్ దగ్గర, డిక్కీ దగ్గర కూడా చూడండి. ఒకసారి నెగ్గిందని వదిలేయకుండా డబ్బాను రకరకాలుగా తిప్పి చూడండి, ఎందుకంటే కీలోని యాంటెన్నా ఒక్కో దిక్కున ఒక్కోలా వింటుంది. ఆన్‌లైన్‌లో దొరికే కీ పౌచ్‌లకూ ఇదే పరీక్ష. వాటి లోపలి లోహపు బట్ట మడతల దగ్గర చిట్లుతుంది. కొన్నప్పుడు పనిచేసిన పౌచ్ ఏడాది తర్వాత పనిచేయకపోవచ్చు. నెలకోసారి చూసుకుంటే చాలు. మైక్రోవేవ్ ఓవెన్‌లో పెట్టుకోమని చెప్పేవాళ్ల మాట వినకండి. ఇంట్లో ఎవరో ఒకరు చూడకుండా ఆన్ చేస్తారు.

రెండో కీ కూడా అదే డబ్బాలో ఉండాలి. బీరువాలో పడేసిన స్పేర్ కీ కూడా పిలుపు వింటూనే ఉంటుంది.

డబ్బా ఎక్కడ పెట్టాలి? వీధి గోడకూ మెయిన్ డోర్‌కూ దూరంగా, ఇంటి మధ్య భాగంలో. కెనడాలో ఇది పెద్ద చర్చే అయింది. టొరంటోలో కీల కోసం ఇళ్లలోకే చొరబడుతున్నారని, కీలను ముందు తలుపు దగ్గరే పెట్టండని ఒక పోలీసు అధికారి కాలనీ సమావేశంలో సలహా ఇచ్చినట్టు 2024 మార్చిలో వార్తల్లోకి వచ్చి జనానికి కోపం తెప్పించింది. ఆ అధికారి ఆలోచనలో మనిషి ప్రాణం కారుకంటే ముఖ్యమన్న సంగతి ఉంది. దాన్ని కాదనలేం. కానీ తలుపు దగ్గర బయటపెట్టిన కీ దొంగకు ఆహ్వానం. మూత వేసిన డబ్బా హాల్లో ఉంటే రెండు భయాలకూ మధ్యే మార్గం దొరుకుతుంది. కీ మాట్లాడదు, దానికోసం ఎవరూ పడకగదిలోకి రావాల్సిన అవసరమూ ఉండదు.

ఇక బయట. షాపింగ్ మాల్ పార్కింగ్‌లో మీరు లాక్ బటన్ నొక్కే సమయానికి ఎవరైనా జామర్ ఆన్ చేస్తే కారుకు మీ ఆజ్ఞ చేరదు. మీరు లాక్ అయిందనుకుని వెళ్లిపోతారు. ఇండికేటర్లు వెలిగాయా, అద్దాలు ముడుచుకున్నాయా అని కళ్లతో చూసి కదలండి. హ్యాండిల్ లాగి చూడటం స్మార్ట్ కీ కార్లలో సరిపోదు, జేబులో కీ ఉంటే అది మీ కోసం తెరుచుకోవచ్చు.

ఇంతవరకు చేసింది సగం పని. ఢిల్లీ చుట్టుపక్కల పోలీసులకు దొరికే కారు దొంగల ముఠాల దగ్గర తరచూ కనిపించేది కీ ప్రోగ్రామింగ్ ట్యాబ్లెట్. వాళ్లకు మీ కీతో పని లేదు. అద్దం పగలగొట్టి లోపలికి దూరతారు. స్టీరింగ్ కింద, డ్రైవర్ మోకాళ్ల దగ్గర 16 పిన్నుల సాకెట్ ఒకటుంటుంది, ఓబీడీ పోర్టు. సర్వీస్ సెంటర్లో మెకానిక్ స్కానర్ తగిలించేది దానికే. దొంగ ట్యాబ్లెట్‌ను దానికే తగిలించి, తను తెచ్చుకున్న ఖాళీ కీని కారుకు పరిచయం చేస్తాడు. దీనికి రెండు జాగ్రత్తలు. ఒకటి, పోర్టు మీద తాళం వేసే ఉక్కు కవరు బిగించుకోవడం. సర్వీసుకు ఇచ్చేటప్పుడు దాని తాళం ఇవ్వడం మరిచిపోవద్దు. రెండోది ఇంకా ముఖ్యం: అధీకృత సర్వీస్ సెంటర్లో మీ కారుకు ఎన్ని కీలు నమోదై ఉన్నాయో చూపించమనండి. రెండు ఉండాల్సిన చోట మూడుంటే మూడోదాన్ని తీసేయించండి. సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లు ఈ పని మొదటి వారంలోనే చేయాలి. పాత యజమాని దగ్గర, డ్రైవర్ దగ్గర, మెకానిక్ దగ్గర ఏ కీ మిగిలిపోయిందో ఎవరికి తెలుసు?

డబ్బా, కవరు రెండూ ఉన్నా ఆపలేని దారి ఇంకొకటుంది. 2022 జులైలో లండన్‌లో ఇయాన్ టేబర్ అనే ఆయన టయోటా రావ్4 మాయమైంది. ఆయన కార్ల సైబర్ భద్రత మీదే పనిచేసే నిపుణుడు. అంతకుముందు రెండుసార్లు ఎవరో ముందు బంపర్ లాగి, హెడ్‌లైట్ వైర్లు పీకి పోయారు. ఆకతాయి పని అనుకున్నారు. తర్వాత ఆయన, కెన్ టిండెల్ అనే మరో నిపుణుడు కలిసి తవ్వి తీసిన విషయం 2023 ఏప్రిల్‌లో బయటికొచ్చింది. కారులోని కంప్యూటర్లన్నీ మాట్లాడుకునే క్యాన్ అనే వైరు హెడ్‌లైట్ దాకా వస్తుంది. అక్కడ ఒక పరికరం తగిలిస్తే, ‘సరైన కీ వచ్చింది, తెరవండి’ అని అదే కారుకు చెబుతుంది. ఆ పరికరాన్ని జేబీఎల్ బ్లూటూత్ స్పీకర్ డొక్కులో దాచి అమ్ముతున్నారు. మీ కారు బంపర్ ఊడి కనిపించినా, హెడ్‌లైట్ దగ్గర వైర్లు కదిపినట్టున్నా ఆ రాత్రి కారును బయట ఉంచకండి.

కాబట్టి చివరి రక్షణ ఎలక్ట్రానిక్స్ మాట వినని వస్తువు కావాలి. నా దృష్టిలో పెట్టిన డబ్బుకు అత్యంత విలువైనది స్టీరింగ్‌కు అడ్డంగా బిగించే ఉక్కు రాడ్. ఎర్రగానో పసుపుగానో బయటికే కనిపించాలి. దాన్ని కోయవచ్చు, కానీ కోయడానికి చప్పుడూ సమయమూ కావాలి. నిమిషంలో పోవాలనుకున్నవాడు పక్క కారు చూసుకుంటాడు. గేర్ లాక్ కూడా మంచిదే. కారులోనే పిన్ నంబరు అడిగే సదుపాయం ఉంటే ఆన్ చేసుకోండి. 2018లో బెల్జియంలోని ల్యూవెన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు టెస్లా మోడల్ ఎస్ కీని నకలు చేసి చూపించిన ఏడాదే టెస్లా ఆ సదుపాయం తెచ్చింది.

ఇంకో మెట్టు ఎక్కదలచుకుంటే దాచిన స్విచ్. ఫ్యూయల్ పంప్ రిలేను ఆడించే సన్నని కంట్రోల్ వైరు మధ్యలో ఒక స్విచ్ పెట్టి, ఎవరూ వెతకని చోట దాస్తారు. ఆపేసి ఉన్నప్పుడు ఇంజన్ లేచినా, పైపులో మిగిలిన ఇంధనం అయిపోగానే ఆగిపోతుంది. ఇది అనుభవమున్న ఆటో ఎలక్ట్రీషియన్ చేతే చేయించాలి. ఎయిర్‌బ్యాగ్, బ్రేకుల వైర్ల జోలికి పోకూడదు. నడుస్తున్న బండిలో పొరపాటున మోకాలు తగిలే చోట స్విచ్ ఉండకూడదు. వారంటీలో ఉన్న కారైతే వైరు కోసే ముందు కంపెనీవాళ్లను అడగండి. కోసిన తర్వాత అడిగి లాభం లేదు. జీపీఎస్ ట్రాకర్ వెతకడానికి పనికొస్తుంది, ఆపడానికి కాదు.

అమెరికాలో చదువుకునే మన పిల్లలకు ఒక మాట. అక్కడ 2022 మోడల్ దాకా వచ్చిన చాలా హ్యుందాయ్, కియా కార్లలో, కీ తిప్పి స్టార్ట్ చేసేవాటిలో, సరైన కీ లేనిదే ఇంజన్‌ను లేవనివ్వని ఇమ్మొబిలైజరే లేదు. స్మార్ట్ కీ లేదు కదా అని నిశ్చింతగా ఉండొద్దు. 2023లో కంపెనీలు ఉచితంగా సాఫ్ట్‌వేర్ మార్పు ఇవ్వడం మొదలుపెట్టాయి. సెకండ్ హ్యాండ్‌లో కొంటే అది చేయించారో లేదో డీలర్‌ను అడిగి తెలుసుకోండి.

కొత్త కారు కొనబోయేవాళ్లు షోరూములో అల్ట్రా వైడ్ బ్యాండ్ కీ ఉందా అని అడగండి. అది రేడియో తరంగం వెళ్లి రావడానికి పట్టిన సమయాన్ని కొలుస్తుంది. ఒకవైపు ప్రయాణంలో మీటరు దూరానికి సుమారు 3.3 నానోసెకన్లు. పెట్టెలతో పిలుపును మోసుకెళితే ఆలస్యం బయటపడుతుంది. దూరాన్ని కొలవని పాత లోపానికి ఇదే సరైన మందు, కాకపోతే ప్రస్తుతం ఖరీదైన కార్లలోనే ఎక్కువగా ఉంది.

ఇన్ని చేసినా కారు పోతే వెంటనే 112కు ఫోన్ చేసి, ఎఫ్ఐఆర్ రాయించి, బీమా కంపెనీకీ ఆర్టీఓకూ తెలపాలి. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే దొంగతనానికి ఒక్క రూపాయి రాదు. పూర్తి పాలసీ ఉన్నా క్లెయిమ్ సమయంలో బీమా కంపెనీ కారు కీలు రెండూ తెచ్చి చూపించమంటుంది. ఒకటి లేదంటే సంజాయిషీలు మొదలవుతాయి, డబ్బు ఆగిపోవచ్చు. మీ రెండో కీ ఎక్కడుందో ఇవాళే వెతికి పెట్టుకోండి.