జంట ఆట

విశాఖపట్టణమునుండి అరకులోయకు ఇంచుమించు 115 కిలోమీటర్ల దూరము కలదు. సముద్రతీరమున బయలుదేరిన రైలు శృంగవరపుకోట దాటిన పిమ్మట తూర్పు కనుమలలో ప్రవేశించి, సొరంగములలో దూరుచు, లోతైన గెడ్డలపై కట్టిన వంతెనలను దాటుచు, క్రమముగా 900 మీటర్ల యెత్తునకు ఎక్కును. మే నెలలో క్రింది మైదానము నిప్పులు చెఱుగుచుండగా, మీది కొండలలో ఉదయపుగాలి చల్లగా వీచును. భగత, వాల్మీకి, కొండదొర, కోటియ, పోర్జ, గదబ మొదలగు గిరిజన జాతులవారు ఆ కొండలలో తరతరములుగా నివసించుచున్నారు. అచ్చటి కాఫీ తోటలు ప్రసిద్ధములు. సిల్వర్ ఓక్ చెట్టు కాఫీ మొక్కకు నీడ నిచ్చును. మిరియపు తీగె ఆ చెట్టు బోదెనే ఊతగా గొని పైకి ప్రాకును. మూడును ఒకే నేలలో తోడుతోడుగా పెరుగును.

ఆ కనుమల కొండలు సముద్రమును సమీపించు చోట, విశాఖపట్టణములో ముడసర్లోవ యను ప్రదేశము కలదు. లోవ యన్నను, లోయ యన్నను కొండల నడిమి పల్లమే. అచ్చటికి చేరువలో ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బువారి ఆటస్థలము కలదు. అట్టి స్థలములలో ఆడు గోల్ఫు ఆటను గూర్చియు, ఆ ఆటలో ఇద్దఱు మనుష్యులు ఒకరికొకరు ఎట్లు తోడు కావలెనో దానిని గూర్చియు ఈ పాఠమున తెలిసికొందము.

గోల్ఫు స్కాట్లండు దేశమున పెరిగిన ఆట. ఇంగ్లీషువారితోపాటు అది మన దేశమునకు వచ్చినది. 1829లో కలకత్తాలో స్థాపింపబడిన గోల్ఫు సంఘము, బ్రిటిషు దీవుల వెలుపల వెలసిన సంఘములలో మిక్కిలి ప్రాచీనమైనదిగా పేరుపొందినది. పూర్తి ఆటకు 18 గుంటలు. ఒక్కొక్క గుంట వెడల్పు 108 మిల్లీమీటర్లు మాత్రమే. బంతి బరువు 46 గ్రాములకు లోబడి యుండును. ఆటగాడు వందలకొలది మీటర్ల దూరమునుండి ఆ చిన్నబంతిని కఱ్ఱతో కొట్టుచు, అది గుంటలో పడువఱకు దాని వెంట నడచిపోవలెను. గడ్డిని చక్కగా కత్తిరించి యుంచిన దారి నడుమ నుండును. దాని కిరుప్రక్కల ఏపుగా పెరిగిన గడ్డియు, పొదలును, ఇసుక గోతులును, నీటి మడుగులును ఉండును. తక్కువ దెబ్బలలో ముగించినవాడు గెలుపొందును. బంతి ఎచ్చట ఆగునో అచ్చటినుండియే కొట్టవలెనన్నది ఈ ఆటకు మూలసూత్రము.

సొమ్ము కొఱకు గాక, ఆటయందలి ప్రీతిచేత ఆడువారిని ఔత్సాహికులందురు. వారిని చులకన చేయరాదు. 1965లో కలకత్తాలో జరిగిన ఇండియన్ ఓపెన్ పోటీలో గెలిచి, ఆ బహుమానము నందుకొనిన తొలి భారతీయుడైన పి. జి. సేఠీ ఔత్సాహికుడే. అయితే అందఱును అంతటి నేర్పరులు కాజాలరు. కావున బలవంతుడును బలహీనుడును కలిసి ఆడుటకు వీలుగా హేండికాప్ అను ఏర్పాటు చేసియున్నారు. నేర్పు తక్కువైనవానికి కొన్ని దెబ్బలను మినహాయింపుగా నిత్తురు. అతడు కొట్టిన మొత్తమునుండి వానిని తీసివేసి లెక్క చూతురు. ఇందుచేత ఏబదియేండ్ల గుమాస్తాయు ఇరువదియేండ్ల యువకునితో సమముగా పోటీపడగలడు.

జంటల పోటీలలో రెండు విధములు ముఖ్యమైనవి. మొదటిదానిని ఫోర్‌బాల్ అందురు. అందు జంటలోని ఇద్దఱును చెరియొక బంతితో ఆడుదురు. ప్రతి గుంటవద్దను తక్కువ దెబ్బలు కొట్టినవాని లెక్కనే తీసికొందురు. ఒకడు తప్పినను రెండవవాడు ఆదుకొనును. రెండవ విధమునకు ఫోర్‌సమ్స్ అని పేరు. ఇందు జంటకు బంతి ఒక్కటే. ఇద్దఱును దానిని ఒకరి తరువాత ఒకరు కొట్టవలెను. బేసి గుంటలవద్ద ఒకడును, సరి గుంటలవద్ద రెండవవాడును మొదటి దెబ్బ కొట్టుదురు. ఒకడు బంతిని పొదలోనికి కొట్టినచో, దానిని వెలికి తీయవలసినవాడు రెండవవాడు. అతడు ఇసుకలో పడవేసినచో, మరల మొదటివాడే దిగవలెను. 1922లో ఆరంభమైన వాకర్ కప్పు పోటీలోను, స్త్రీల కొఱకు 1932లో ఆరంభమైన కర్టిస్ కప్పు పోటీలోను అమెరికా ఔత్సాహికులును, బ్రిటను ఐర్లండుల ఔత్సాహికులును ఈ విధమైన ఆటను ఆడుదురు.

జంట ఆటను గూర్చిన ఒక పాతకథ కలదు. 17వ శతాబ్దమున యార్కు ప్రభువు, అనగా పిమ్మట రెండవ జేమ్సు రాజైనవాడు, ఎడింబరో నగరమున కొంతకాలము నివసించెను. గోల్ఫు ఏ దేశపు ఆటయని ఇంగ్లండునుండి వచ్చిన ఇద్దఱు ప్రభువులు ఆయనతో వాదించిరట. ఆటతోనే వాదము తేల్చుకొందమని పందెము వేసికొనిరట. యార్కు ప్రభువు తనకు జంటగా గొప్ప వంశీయు నెవ్వనిని వెదకలేదు. ఊరిలో మేటి ఆటగాడెవడని విచారించి, జాన్ పేటర్సన్ అను చెప్పులు కుట్టువానిని పిలిపించెను. లీత్ మైదానమున వారిద్దఱును గెలిచిరి. ప్రభువు పందెపు సొమ్ములో సగము పేటర్సనున కిచ్చెననియు, ఆ సొమ్ముతో అతడు నగరమున నొక యిల్లు కట్టుకొనెననియు చెప్పుదురు. సగము పని చేసినవానికి సగము ఫలము దక్కినది.

గెలుపును పంచుకొనుట సులభమే. తప్పును, దండుగను పంచుకొనుట కష్టము. దీనిని తెలిసికొనుటకు ఒక జంటను ఊహించుకొందము. అరకులో కాఫీ తోటల పని చూచు మేనమామయు, విశాఖపట్టణమున ఉద్యోగము చేయు మేనల్లుడును మే నెలలో ఒక ఫోర్‌సమ్స్ పోటీలో ఆడుచున్నారని యనుకొనుడు. మామకు ఏబదియైదేండ్లు. అతని దెబ్బ దూరము పోదు, కాని త్రోవ తప్పదు. అల్లునికి ఇరువదియైదేండ్లు. అతని బంతి ఆకాశమున కెగిరిపోవును, కాని ఎచ్చట పడునో అతనికే తెలియదు.

ఎండకు వెఱచి వారు తెల్లవాఱగనే ఆట మొదలుపెట్టిరి. అయిదవ గుంటవద్ద మామ కొట్టిన బంతి ఇసుక గోతిలో పడినది. అల్లుడు పైకి వినబడునట్లు నిట్టూర్చెను. మామ విని ఊరకుండెను. కాని ఆ తరువాత రెండు గుంటలవఱకు అతని చేయి జంకినది; నిండుగా కొట్టవలసిన దెబ్బలు సగములోనే ఆగినవి. తోడివాని నిట్టూర్పు ఇసుక గోతికంటె ఎక్కువ నష్టము చేసినదని అల్లుడు గ్రహించెను. అటుపై అతడు బంతి ఎచ్చట పడినను, "నేనున్నాను మామయ్యా" అని మాత్రమే అనుచుండెను. మామ చేయి మరల కుదుటబడినది.

పదునెనిమిదవ గుంటకు చేరునప్పటికి ప్రొద్దు చాల పైకెక్కినది. గాలి స్తంభించినది. ఎండి గట్టిపడిన నేలమీద పడిన బంతి నిలువక దొర్లిపోవుచుండెను. ముందుగా ఆట ముగించిన జంట లెక్క వారికి తెలియవచ్చినది. హేండికాప్ తీసివేసి చూడగా, ఈ చివరి గుంటను అయిదు దెబ్బలలో ముగించినచో వారు ఆ జంటతో సమానమగుదురు. ఆఱు పట్టినచో ఓడిపోవుదురు.

సరి గుంట గనుక మొదటి దెబ్బ అల్లునిది. అతడు బలము కొలది కొట్టెను. బంతి కుడిప్రక్కకు వంగి, గట్టినేలమీద ఎగిరి, ఒక జీడిమామిడి చెట్టు క్రిందకు దొర్లిపోయినది.

"తప్పు చేసితిని మామయ్యా" అని అల్లుడు తల వంచుకొనెను.

"తప్పు మాట తరువాత చూతము. ముందు బంతిని చూతము పద నాయనా. వెదకుటకు మూడు నిమిషములే గడువు" అని మామ ముందునకు నడచెను.

బంతి ఎండుటాకుల నడుమ కనబడినది. ఆడుటకు అడ్డుగానున్న ఎండుటాకును తొలగించుటకు నియమములు ఒప్పుకొనును. మామ వంగి ఒక ఆకును తీసెను. దానితోపాటు బంతియు కదలి బెత్తెడు దూరము దొర్లినది. అట్లు జరిగినచో ఒక దెబ్బ దండుగ పడును. బంతిని మొదటి చోటనే మరల ఉంచి ఆడవలెను. వారి లెక్క వ్రాయు ఎదుటి జంట చాల దూరమున నుండెను.

"మామయ్యా, ఎవరును చూడలేదు" అని అల్లుడు మెల్లగా ననెను.

"నేను చూచితిని. నీవును చూచితివి. ఇద్దఱు సాక్షులు చాలరా?" అని మామ బంతిని మొదటి చోట నుంచెను. పిమ్మట చేయెత్తి ఎదుటి జంటను పిలిచి, "మా లెక్కలో ఒక దెబ్బ కలుపుకొనుడు" అని చెప్పెను.

ఇచ్చట అల్లుని స్థితిని యోచింపుడు. ఆకును ముట్టినవాడు అతడు కాడు. కాని జంటకు బంతి ఒక్కటే గనుక దండుగయు ఇద్దఱిది. ఒంటరిగా ఆడువాడు నిజము చెప్పినచో నష్టము తనకు మాత్రమే కలుగును. జంటలో ఒకడు నిజము చెప్పినచో రెండవవాడును దానికి మూల్యము చెల్లింపవలెను. అప్పుడు రెండవవాడు మొగము ముడిచినచో, నిజము చెప్పుటయే నేరమైనట్లు మొదటివానికి తోచును.

అల్లుడు ఒక క్షణము నేలవైపు చూచెను. పిమ్మట సంచిలోనుండి తగిన కఱ్ఱను తీసి మామ చేతికిచ్చి, "బంతిని దారిలో పెట్టుడు, చాలును. తరువాతిది నేను చూచుకొందును" అనెను.

మామ సాహసమునకు పోలేదు. కొమ్మల సందులనుండి గుంటవైపు కొట్టుట మాని, ప్రక్కకు, దారి నడుమకు బంతిని తట్టెను. దండుగతో కలిపి అది మూడవ లెక్క. నాల్గవ దెబ్బను అల్లుడు నిదానించి కొట్టెను. బంతి గుంట చుట్టునున్న నున్నని గడ్డిపై దిగినది. మామ దానిని గుంటవైపు దొర్లించెను. అది జానెడు దూరమున ఆగినది. అల్లుడు దానిని గుంటలో వేసెను. మొత్తము ఆఱు. ఒక్క దెబ్బతో ఓడిపోయిరి.

"ఆ ఆకును నేను ముట్టకుండిన బాగుండెడిది" అని మామ అనెను.

"నేను బంతిని ఆ చెట్టు క్రిందకు పంపకుండిన మీకు ఆకుతో పనియే లేకపోయెడిది" అని అల్లుడు బదులు చెప్పెను. ఇద్దఱును నవ్వుకొనిరి.

చెట్టునీడను కూర్చుండి మంచినీరు త్రాగుచు మామ ఇట్లు చెప్పెను: "మా అరకులో చైత్రమాసపు పండుగనాడు ధింసా ఆడుదురు. తుడుము, డప్పు, మోరి, కిరిడి, జోడుకొమ్ములు మ్రోగుచుండగా, పదునైదు ఇరువదిమంది స్త్రీలు ఒకరి వీపు వెనుకనుండి ఒకరు చేతులు పెనవేసికొని, ఒకే వరుసగా అడుగులు వేయుదురు. ఆ వరుస పామువలె మెలికలు తిరుగును. ఎవరికైన అడుగు తప్పినచో ఇరుప్రక్కలవారి చేతులు ఆమెను నిలబెట్టును. వరుస ఆగదు. ఆట ముగిసిన పిమ్మట ఎవరి అడుగు తప్పినదని వారు లెక్కించుకొనగా నేను ఎన్నడును వినలేదు. ఈనాడు నీవు కఱ్ఱ అందించినప్పుడు నాకు ఆ చేతులు జ్ఞాపకము వచ్చినవి."

ఈ మామయు అల్లుడును మన ఊహలోనివారే. కాని ఇట్టి నడవడి ఊహలో మాత్రమే కలదని తలంపరాదు. 1925 జూన్ మాసమున అమెరికాలోని వూస్టర్ నగరమున ఆ దేశపు ఓపెన్ పోటీ జరిగినది. అందు బాబీ జోన్సు అను ఇరువదిమూడేండ్ల ఔత్సాహికుడు ఆడుచుండెను. గడ్డిలోనున్న బంతిని కొట్టుటకు సిద్ధపడుచుండగా అది ఇంచుక కదలినది. మఱియెవరును చూడలేదు. జోన్సు తానే ఆ సంగతి చెప్పి, తనకు ఒక దెబ్బ దండుగ వేయించుకొనెను. పోటీ ముగియునప్పటికి అతడును, విల్లీ మెక్‌ఫార్లేను అను ఆటగాడును సమానముగా నిలిచిరి. మరల ఆడగా జోన్సు ఒక్క దెబ్బతో ఓడిపోయెను. ఆ దండుగ లేకుండినచో మరల ఆడవలసిన పనియే లేకుండెడిది. జనులు మెచ్చుకొనగా, నియమము పాటించుటలో మెచ్చుకొనదగిన వింత ఏమున్నదని అతడు భావించెను. 1930లో ఆ జోన్సే అమెరికా, బ్రిటనులలోని ఓపెన్ పోటీలు రెండింటిని, ఔత్సాహికుల పోటీలు రెండింటిని ఒకే సంవత్సరమున గెలిచెను.

జోన్సు ఆనాడు ఒంటరిగా ఆడెను. మనము జీవితమున ఒంటరిగా చేయు పనులు కొన్నియే. తరగతిలో ఇద్దఱు కలిసి చేయు ప్రయోగము, అన్నదమ్ములు కలిసి సాగుచేయు పొలము, ఊరివారు కలిసి త్రవ్వు చెఱువు - ఇవి అన్నియు ఒకే బంతితో ఆడు ఆటలు. అందు మనకు ఎప్పుడును చదునైన చోటే దొరకదు. తోడివాడు విడిచిన చోటనుండి మనము మొదలుపెట్టవలెను. మనము విడిచిన చోటనుండి అతడు మొదలుపెట్టును. అతడు నిజము చెప్పి నష్టము తెచ్చిననాడు అతని ప్రక్కన నిలుచుటయే జంటకు పరీక్ష.