రేగడి నేలపై ఫోర్కులిఫ్టు

విద్యార్థులారా, మన గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి వానకు ఉబ్బి జిగురగును, ఎండకు నెఱ్ఱెలువాఱును. ముందున్న ఇనుపకొమ్ములతో గచ్చునేలపై బరువులనెత్తు చిన్నచక్రముల ఫోర్కులిఫ్టు తడిసిన రేగడిలో దిగబడును. గరుకునేలకై చేసినదానికి పెద్ద, వెడల్పు టైర్లుండుటచే బరువు ఎక్కువ చోటుపై పరచుకొనును.

ఎడ్లబండిని ఎద్దులు ముందునుండి మళ్ళించును. ఫోర్కులిఫ్టున మోత ముందు చక్రములపై పడుటచే సాధారణముగా వెనుక చక్రములే మళ్ళును. కొన్నింట నాలుగును మళ్ళును: ముందువి ఒకవైపు, వెనుకవి ఎదురువైపు తిరిగిన ఇఱుకున మలుపు, అన్నియు ఒకేవైపు తిరిగిన ఎండ్రకాయ నడక! చూడ ముచ్చటయే. కాని వెనుక చక్రములు మళ్ళునపుడు బండి తోక మలుపునకు ఎదురుప్రక్కకు విసరును. బస్తాలు మోయువారు అచట నిలువరాదు. మోతను పైకెత్తి ఏటవాలున మలుపు త్రిప్పినచో బండి బోల్తాపడవచ్చును; కావున నడుపువాడు కొమ్ములను నేలకు దగ్గఱగా దింపియే కదలవలెను.