ఒంటరి ప్రయాణం: ఇంట్లో నేర్పవలసిన పాఠం



పరీక్ష విజయవాడలో పడుతుంది. ఇంటర్వ్యూ హైదరాబాదులో ఉంటుంది. నాన్నకు చేలో కోతలు, అన్నకు సెలవు లేదు. "తోడు ఎవరూ లేరు, ఈసారికి మానుకో" అంటారు. ఆ అవకాశం మళ్లీ రాదు. భర్త పోయిన తల్లి సంగతీ అంతే. గుణదల వెళ్లాలన్నా, కూతుర్ని చూసి రావాలన్నా కొడుకుకు ఎప్పుడు తీరుతుందా అని కనిపెట్టుకుని కూర్చుంటుంది. ఈ వారం పాఠం వీరి గురించి, వీరిని పంపవలసిన మన గురించి.

తోడు అంటే ఏమిటి?

పెద్దల భయం అర్థం లేనిది కాదు. 1830 మే 18న ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్నం నుంచి కాశీయాత్రకు బయలుదేరినప్పుడు వెంట సుమారు వందమంది ఉన్నారు. తిరిగి ఇల్లు చేరింది 1831 సెప్టెంబరు 3న. ఇంటికి కబురు అందాలంటే రోజులు పట్టే కాలం అది. అప్పుడు మందే రక్షణ. ఈనాడు ఆ పని చాలావరకు వేరేవి చేస్తున్నాయి. దారి చూపడానికి బోర్డులు, టైంటేబులు ఉన్నాయి. కబురు చేర్చడానికి ఫోను ఉంది. కాపుదలకు చట్టం ఉంది, తోటి ప్రయాణికులు ఉన్నారు. వీటిని వాడుకోవడం నేర్పకుండా పంపడం ప్రమాదమే. అసలు పంపకపోవడం కూడా ప్రమాదమే. ఎన్నడూ గడప దాటని మనిషి, తప్పనిసరిగా వెళ్లవలసిన రోజున బెదిరిపోతుంది.

మెట్లు మెట్లుగా నేర్పండి

కాలవలో ఈత నేర్పేటప్పుడు ముందు రేవు దగ్గరే దింపుతాం. ప్రయాణమూ అంతే.

మొదటి మెట్టు: పగటిపూట, తెలిసిన ఊరికి. అవనిగడ్డ నుంచి చల్లపల్లి మీదుగా బందరు వెళ్లి రావడం చాలు. టికెట్టు తనే అడగాలి. దిగగానే తిరుగు బస్సు ఎప్పుడో తనే కనుక్కోవాలి. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం కింద ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి ప్రయాణం ఉచితం. ఆధార్ వంటి గుర్తింపు కార్డు చూపి జీరో టికెట్టు తీసుకోవాలి. డబ్బు లేదన్న అడ్డంకి ఇక్కడ తొలగిపోయింది.

రెండో మెట్టు: రైలు. విజయవాడ నుంచి వచ్చే లైను గుడివాడ జంక్షను దగ్గర రెండుగా చీలుతుంది. ఒకటి బందరుకు, మరొకటి భీమవరం వైపు పోతుంది. జనం ఎక్కుతున్నారని ఎక్కేయకూడదు. పెట్టె మీది బోర్డు చదవాలి, స్టేషను సిబ్బందిని అడగాలి. మనం బందరు అంటాం గాని రైల్వే బోర్డు మీద మచిలీపట్నం అనే ఉంటుంది. గుడ్లవల్లేరు, కవుతరం, పెడన, చిలకలపూడి అని దారిలోని స్టేషన్లు ముందే తెలిస్తే దిగేచోట తడబాటు ఉండదు.

మూడో మెట్టు: దూరపు ఊరు. అర్ధరాత్రి చేరే బండి కంటే తెల్లవారాక చేరే బండి మేలు. దివిసీమలో రైలు లేదు. బందరులోనో, పులిగడ్డ వారధి దాటి రేపల్లెలోనో ఎక్కాలి, దిగాలి. తిరిగొచ్చేనాడు బండి దిగాక మన ఊరికి బస్సు దొరుకుతుందా అన్నది బయలుదేరకముందే చూసుకోవాలి.

చట్టం ఇచ్చిన తోడు

1989 నాటి రైల్వే చట్టం 58వ సెక్షను ప్రకారం ప్రతి ప్రయాణికుల బండిలో స్త్రీలకు ప్రత్యేకంగా పెట్టెగాని, సీట్లుగాని కేటాయించాలి. 139వ సెక్షను ఇంకొక రక్షణ ఇచ్చింది. మగతోడు లేని స్త్రీని గాని, పిల్లలను గాని, టికెట్టు లేదని దారిలో ఎక్కడపడితే అక్కడ దింపివేయకూడదు. ఎక్కిన స్టేషనులో, జంక్షనులో, చివరి స్టేషనులో, లేదా జిల్లా కేంద్రంలో మాత్రమే దింపాలి. అదీ పగటిపూటే. రైలులో సాయానికి 139, ఎక్కడైనా ఆపదలో 112, మహిళలకు 181. ఈ నంబర్లు ఫోనులోనే కాక ఒక కాగితం మీద కూడా రాసి ఇవ్వండి. ఫోను చార్జింగు అయిపోవచ్చు.

నోరు, కన్ను

నోరు మంచిదైతే ఊరు మంచిది అన్నారు. పక్కనున్న పెద్దామెను పలకరిస్తే ఆమే సగం తోడు. అయితే బస ఎక్కడో, ఎన్నాళ్లుంటారో అడిగినవారందరికీ చెప్పనక్కరలేదు. కొత్తవారు ఇచ్చింది తినకూడదు. డబ్బు రెండుచోట్ల దాచుకోవాలి. ఎవరి తీరైనా తేడాగా తోస్తే సీటు మారడం, గట్టిగా కేక వేయడం అమర్యాద కాదు. మర్యాద కోసం మౌనంగా ఓర్చుకోమని ఏ తల్లీ నేర్పకూడదు.

మన ప్రాంతానికి ఇంకొక జాగ్రత్త ఉంది. మంగినపూడిలోగాని, హంసలదీవి సాగర సంగమం దగ్గరగాని ఒంటరిగా నీళ్లలో దిగవద్దు. అక్టోబరు, నవంబరు నెలల్లో వాతావరణ వార్తలు వినకుండా బయలుదేరవద్దు. 1977 నవంబరు 19 దివిసీమకు ఏమి చేసిందో మన ఇళ్లలో ఇంకా చెప్పుకుంటూనే ఉన్నాం.

ఆనందం కూడా ఉంది

ఒంటరి ప్రయాణమంటే భయపడుతూ పోయిరావడమే కాదు. పెడనలో కలంకారీ అద్దకం, ఘంటసాలలో బౌద్ధ స్తూపం, కూచిపూడి, బందరులో డచ్చివారి సమాధులు, అన్నీ ఒక పూటలో చూసి రాగల దూరంలోనే ఉన్నాయి. ఎవరూ తొందరపెట్టకుండా, నచ్చినంతసేపు చూసి, తన డబ్బుతో తను టీ తాగి, వేళకు ఇల్లు చేరిన అమ్మాయి ముఖం చూడండి. ఆ ధైర్యం ఇంకెక్కడా దొరకదు.

ఇంటి బాధ్యత

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. బస్సులో ఎవడో చెయ్యి వేశాడని పిల్ల వచ్చి చెబితే, "అందుకే వద్దన్నాం" అనకండి. ఆ మాట అన్నామా, ఇంకోసారి ఏం జరిగినా మనకు చెప్పదు. తప్పు చేసినవాడిది, ప్రయాణించినదానిది కాదు. జరిగింది చెప్పుకోవడానికి ఒక ఇల్లు ఉందన్న నమ్మకమే దారి పొడుగునా ఆమెకు అసలైన తోడు.

కుటుంబంలో చర్చించుకోండి

1. తోడు లేదని మన ఇంట్లో ఎవరి చదువు, ఉద్యోగం, కోరిక ఆగిపోయింది?

2. మగపిల్లవాడికి ఏ వయసులో ఒంటరిగా వెళ్లడం నేర్పాం? ఆడపిల్లకు?

3. మన కొడుకులకు బస్సులో, రైలులో ఆడవారితో ఎలా మెలగాలో ఎప్పుడైనా చెప్పామా?

ఈ వారం చేయవలసిన పని: ఇంట్లో ఒకరిని మొదటి మెట్టు ఎక్కించండి.