కృత్రిమ నేత్రం – కనిపించని గోళం

“గాజుకన్ను” అనగానే మనలో చాలామందికి గోలీ వంటి గుండ్రని వస్తువు స్ఫురిస్తుంది. నిజానికి పైకి కనిపించే కృత్రిమ నేత్రం వంపు తిరిగిన చిప్ప మాత్రమే. గోళం వేరే ఉన్నది. అది ఆ చిప్ప వెనుక, కణజాలం మధ్య శాశ్వతంగా అమర్చబడి ఉంటుంది. శస్త్రచికిత్స అనంతరం ముఖం తీరు చాలవరకు ఆ కనిపించని గోళం మీదనే ఆధారపడుతుంది.

పెద్దవారి నేత్రగోళం ఘనపరిమాణం సుమారు 7 మిల్లీలీటర్లు. కన్ను తీసివేసి ఆ ఖాళీని అట్లే విడిచిపెడితే పైరెప్ప క్రింద గుంట పడుతుంది. చిప్పనే పెద్దదిగా చేసి లోటు తీర్చబోతే, ఆ బరువుకు క్రింది రెప్ప సడలిపోతుంది. 1880ల దశకంలో ఆంగ్ల వైద్యుడు మ్యూల్స్ బోలు గాజుగోళాన్ని లోపల అమర్చి ఈ చిక్కుకు దారి చూపాడు. నేడు సిలికోను, అక్రిలిక్ గోళాలు వాడుతున్నారు. గణిత విద్యార్థులు లెక్కించి చూడవచ్చు: 20 మిల్లీమీటర్ల వ్యాసం గల గోళం ఘనపరిమాణం 4 మిల్లీలీటర్లకు కొంచెం ఎక్కువ. మిగిలిన లోటులో కొంత చిప్ప తీరుస్తుంది. కంటిని త్రిప్పే కండరాలను గోళానికి అనుసంధిస్తారు కనుక చిప్ప కూడ రెండవ కంటితోపాటు కొంత కదులుతుంది, పూర్తిగా కాదు.

1980లలో పగడపు దిబ్బల పదార్థం నుండి సూక్ష్మరంధ్రాలు గల గోళాలు వచ్చాయి. వాటిలోనికి రక్తనాళాలు పెరుగుతాయి. అయితే పైపొర విడిపోయి గోళం బయటపడే ప్రమాదం వాటికీ ఉన్నది. కదలికలో నునుపు గోళం కంటె పెద్ద ఆధిక్యమూ కనబడలేదు. ఖరీదైనదే మేలైనదని భ్రమపడ నక్కరలేదు.

శస్త్రచికిత్స జరిగిన ఆరు నుండి ఎనిమిది వారాలకు, గాయం మానాక అచ్చు తీసి, అక్రిలిక్ చిప్పపై కనుపాపను చేతితో చిత్రిస్తారు. సన్నని ఎర్రదారాలు రక్తనాళాలవుతాయి. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో జర్మను గాజు దొరకనప్పుడు, కట్టుడు పళ్ళు చేసే సైనిక నిపుణులే ఈ పద్ధతిని రూపొందించారు.

ఇదంతా ఎందుకు తెలియాలంటే, పసిపిల్లల కంటిలో పుట్టే రెటినోబ్లాస్టోమా అనే కాన్సరు ఉన్నది. బిడ్డ కనుపాప తెల్లగా మెరుస్తుంది. తొలిదశలో మందులతో, లేజరుతో కన్ను నిలుపవచ్చు. ముదిరిన కంటిని తీసివేయక తప్పదు. “ఆడపిల్ల ముఖం ఏమవుతుంది?” అని తల్లిదండ్రులు సంకోచించే నెలలలో వ్యాధి కంటినరం వెంట మెదడుకు ప్రాకుతుంది. అటువంటి వారికి గోళం సంగతి ముందే చెప్పాలి. లోపల గోళం, పైన చిప్ప ఉంటే కంటిగూటి ఎముక పెరుగుదలకు కూడ తోడ్పాటు కలుగుతుంది. బిడ్డ ఎదిగేకొద్దీ చిప్పను మార్చవలసి ఉంటుంది. హైదరాబాదులో 1987లో స్థాపితమైన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థలో ఈ చికిత్స, కృత్రిమ నేత్ర నిర్మాణం రెండూ లభిస్తున్నవి.

కృత్రిమ నేత్రానికి చూపు రాదు. ఒంటికంటితో దూరం అంచనా వేయడం మొదట కష్టం. కప్పులో టీ పోసినా ప్రక్కన ఒలుకుతుంది. కొన్ని నెలలలో మెదడు అలవాటుపడుతుంది. మిగిలిన కంటికి దెబ్బ తగలకుండ పగలని పాలీకార్బొనేటు అద్దాలను, చూపు బాగున్నా సరే, నిత్యం ధరించాలని వైద్యులు చెబుతారు.