వేగం చెప్పే ఇంగ్లీషు మాటలు



వేగాన్ని మనం ఎన్నో రకాలుగా చెప్పుకుంటాం. 'గబగబా నడిచింది' అంటాం. ఇంకా వేగమైతే 'రయ్యిన పోయింది' అంటాం. ఇంగ్లీషులోనూ ఇలాంటి మాటలున్నాయి. వాటిని రైలు స్టేషనులో చూడవచ్చు.

మొదటి మాట 'ఫాస్ట్'. అంటే వేగంగా అని అర్థం. ఎఫ్, ఎ, ఎస్, టి - నాలుగే అక్షరాలు. దాని ముందు 'సూపర్' చేరితే మామూలును మించిన వేగం. రెండూ కలిపి 'సూపర్‌ఫాస్ట్' అని రాస్తారు. చోటు చాలకపోతే 'ఎస్.ఎఫ్.' అని రెండక్షరాలే వేస్తారు.

ఆ వేగం ఎంత? బ్రాడ్‌గేజి లైను మీద సగటున గంటకు 55 కిలోమీటర్లు, అంతకు మించి నడిచే రైలును రైల్వేవాళ్లు సూపర్‌ఫాస్ట్ అంటారు. విశాఖపట్నం నుంచి హైదరాబాదు వెళ్లే గోదావరి ఎక్స్‌ప్రెస్ అలాంటిదే. పేరులో ఆ మాట లేదు. కాని దాని నెంబరు 12727. మొదట 12 గాని, 22 గాని ఉన్న ఐదంకెల నెంబరు సాధారణంగా సూపర్‌ఫాస్ట్‌దే.

ఇది తెలిస్తే ఏం లాభం? ఈ రైలు చిన్న స్టేషన్లలో ఆగదు. ఛార్జీ ఎక్కువ. పాసింజరు టికెట్టుతో ఎక్కితే జరిమానా కట్టాలి. చూసుకోకుండా ఎక్కితే మన ఊరు కళ్ల ముందే దాటిపోతుంది. చంకలో బిడ్డతో, నెత్తిన మూటతో ఎక్కడో దిగాల్సి వస్తుంది.

అందుకే ఎక్కే ముందు పెట్టె మీది బోర్డు చదవండి. టికెట్టు చదవండి. అనుమానముంటే అడగండి. అడగడం నామోషీ కాదు.

అభ్యాసం
1. 'ఎస్.ఎఫ్.' అంటే ఏమిటి?
2. మీ స్టేషనులో ఆగే రైళ్ల నెంబర్లు రాయండి. వాటిలో 12తో మొదలయ్యేవి ఎన్ని?